మోకాలి వెనక చప్పుడు

వెందులా డాక్టరమ్మ గదిలోకి వెళ్ళినవాళ్ళు కాలు చూపించుకుని ఊరికే బయటపడలేరు. పాఠం విని తీరాలి. మొరావియా దక్షిణాన ఉన్న ఆ చిన్న పట్నపు ఆసుపత్రిలో కాళ్ళలో, మెడలో నెత్తురు ఎలా పారుతోందో డాప్లర్ స్కాన్‌తో చూసి చెప్పడం ఆమె పని. చూడటం ఒక ఎత్తు, చెప్పడం పది ఎత్తులు. ద్రాక్ష తోటల్లో పనిచేసే రైతులు కూడా ఆమె గదిలోంచి బయటికొచ్చేసరికి సగం భౌతికశాస్త్రం నేర్చుకుని వచ్చేవాళ్ళు. ఆమె మొగుడైతే పెళ్ళయిన ఏడాదికే దణ్ణం పెట్టేశాడు.

"మోటారు సైకిల్ మన వైపు వస్తుంటే దాని కూత సన్నగా పైకి వినిపిస్తుందా, దాటిపోగానే బొంగురుపోతుందా? నెత్తురూ అంతేనయ్యా!" అని మొదలుపెట్టేది. "మన చెవికి అందనంత సన్నటి చప్పుడు ఈ ప్రోబ్‌లోంచి లోపలికి పంపిస్తాను. అది పరిగెత్తే రక్తకణాలకు తగిలి వెనక్కొస్తుంది. ఎదురొచ్చే కణాలైతే శ్రుతి పెరుగుతుంది, దూరం పోయేవైతే తగ్గుతుంది. ఆ తేడా పట్టుకుంటే వేగం తెలిసిపోతుంది. కానీ ఒక్క తిరకాసుంది. మోటారు సైకిల్ సరిగ్గా మన ముక్కు ముందు అడ్డంగా దాటే క్షణంలో అది రావడమూ లేదు, పోవడమూ లేదు. అలాగే ప్రోబ్‌ను రక్తనాళానికి నిలువుగా పట్టుకున్నామా, లోపల నెత్తురు ఉరకలేస్తున్నా మిషన్ సున్నా అంటుంది. అందుకే వాలుగా పట్టాలి. ఆ వాలులోనే ఉంది నా జీతమంతా!"

ఆ వాలు మీద ఆమెకు ఎంత పట్టింపో చెప్పలేం. రోగి పడుకోవాలి, కాలు వదులుగా వదిలెయ్యాలి, చిటికెన వేలు కూడా ఆడించకూడదు. కదిలితే కోణం పోతుంది, కోణం పోతే చప్పుడు పోతుంది. "శవంలా పడుకోండి, బతికిపోతారు" అనేది నవ్వుతూ. కొత్తగా పని నేర్చుకోవడానికి వచ్చిన డాక్టర్లకు గదిలో చప్పుడు ఆగిందంటే చాలు, ముందు తమ మణికట్టు చూసుకోవడం అలవాటైపోయింది. ఆవిడ పెట్టిన అలవాటే అది.

ఆ వసంతంలో రదిమ్ అనే కుర్రాడు వచ్చాడు. ఇరవై ఏళ్ళు, గుర్రంలా ఉన్నాడు. వెనకే వాళ్ళ తాత ఫ్లోరియాన్, చేతిలో ప్లమ్ సారా సీసాతో. ముసలాయన సీసా బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని, ఎవరూ అడక్కుండానే మాట్లాడటం మొదలుపెట్టాడు.

"డాక్టరమ్మా, వీడు మా మనవడు. శరత్కాలంలో మా ఊరి పండక్కి కుర్రకారుకి పెద్దగా వీణ్ణే ఎన్నుకున్నారు. వెర్బుంక్ వీడే మొదలుపెట్టాలి. తీరా చూస్తే నాలుగు గెంతులకే పిక్క పట్టేసిందంటాడు, పాదం మొద్దుబారిందంటాడు. ఆడలేక మద్దెల ఓడన్నారు. మావాడు ఇంకో మెట్టు పైకెక్కాడు, పిక్క ఓడంటున్నాడు!"

వెర్బుంక్ నాట్యం సంగతి ఆ వైపు పిల్లల్ని ఎవర్నడిగినా చెప్తారు. మగవాడు ఒంటరిగా బ్యాండు ఎదుట నిలబడి తన పాట తనే ఎత్తుకోవాలి. వాద్యాలు అందుకుంటాయి. మెల్లగా మొదలై, పోనుపోను వేగం పెరిగి, చివరికి మునివేళ్ళ మీంచి పైపైకి ఎగరడమే. ఫ్లోరియాన్ తన కాలంలో ఎగిరితే జనం కిందకి దిగుతాడా లేదా అని పందాలు కాసేవారట. ఆ మాట ఆయనే చెప్పుకున్నాడు.

"ఎన్నాళ్ళనుంచి బాబూ?" అంది వెందులా.

"రెండేళ్ళు డాక్టరుగారూ. ఆపేస్తే కాసేపట్లో తగ్గిపోతుంది. మళ్ళీ ఎగిరితే మళ్ళీ మామూలే" అన్నాడు రదిమ్.

"పని చెప్తే వస్తుంది, భోజనానికి పిలిస్తే పోతుంది. నాకు తెలియని జబ్బా!" అన్నాడు తాత.

వెందులా రదిమ్‌ను బోర్లా పడుకోబెట్టి మోకాలి వెనక జెల్ రాసి ప్రోబ్ ఆనించింది. గదినిండా చప్పుడు. ఫుష్... ఫుష్... ఫుష్... ఏటి నీళ్ళలా హాయిగా ఉంది. మధ్యలో ఒకసారి రదిమ్ పాదం సాగదీశాడు. టక్కున చప్పుడు ఆగింది.

"కదలకు బాబూ! కోణం పోయింది" అని కసిరి, ప్రోబ్ సర్దుకుంది. అతను కాలు వదులు చేశాడు. ఫుష్... ఫుష్... మళ్ళీ వచ్చింది. తొడ నుంచి పాదం దాకా అంతా చూసి, రక్త ప్రసరణ భేషుగ్గా ఉందని రాసిచ్చేసింది.

తాత గెలిచాడు. సాయంత్రానికల్లా ఆ మాట ఊరు ఊరంతా తెలిసింది. రదిమ్ పిక్కకు జబ్బు లేదట, గుండెకే ధైర్యం లేదట అని సారా దుకాణంలో నవ్వుకున్నారు. రొట్టెలు కొంటున్న ఆడవాళ్ళు కూడా నవ్వుకున్నారు. ఒక్క రదిమ్ నవ్వలేదు.

ఆగస్టు చివర్లో మళ్ళీ వచ్చారు. ఈసారి సీసా లేదు. తాతకు మాత్రం నోరుంది.

"పండగ నెత్తిమీదికొచ్చింది, వీడు రిహార్సల్ మధ్యలో కూలబడ్డాడు. పరువు తీశాడు. మీరు ఇంకోసారి చూసి, 'నీకేం లేదురా గాడిదా' అని మొహం మీద చెప్పేయండి. నే చెప్తే వినడు. తాతకే దగ్గులు నేర్పే రకం!"

వెందులా చూసింది. చప్పుడు బాగుంది, రంగు బాగుంది, వేగం బాగుంది. ఆమెకు ఆ కుర్రాడి మీద నిజంగానే జాలేసింది. ప్రోబ్ మోకాలి వెనకే ఉంచి, గొంతు తగ్గించి, "బాబూ, ఒక్కోసారి నొప్పి కాల్లో ఉండదు. మనసులో ఏదైనా భయం ఉంటే అదీ ఇలాగే... మాకు తెలిసిన మంచి డాక్టరున్నారు, ఒకసారి మాట్లాడి చూస్తావా?" అంది.

రదిమ్ బోర్లా పడుకునే తల తిప్పి చూశాడు. కళ్ళు ఎర్రబడ్డాయి.

"పండగ పోతే పోయింది డాక్టరుగారూ. నన్ను నమ్మే మనిషి ఒక్కరుంటే చాలు. తాత నమ్మడు, ఊరు నమ్మదు, ఇప్పుడు మీరూనా! పడుకుని ఉన్నప్పుడు నాకూ నొప్పి లేదు. నే చెప్పేదీ అదే కదా. పడుకుని ఎవరైనా ఆడతారా?"

"చూశారా నోరు!" అన్నాడు ఫ్లోరియాన్. లేచొచ్చి మనవడి అరికాలికి తన అరచెయ్యి ఆనించాడు. "ఏదిరా నొప్పి? తొక్కు. నా చెయ్యే నేలనుకుని మునివేళ్ళతో తొక్కు. నేనూ చూస్తా."

కోపంమీదున్నాడేమో, రదిమ్ ఉన్న బలమంతా పెట్టి తొక్కాడు. గదిలో చప్పుడు ఆగిపోయింది.

"కదల..." అని నోరు తెరిచిన వెందులా మాట పూర్తిచెయ్యలేదు. తన మణికట్టు వైపు చూసుకుంది. కదల్లేదు. తెర వైపు చూసింది. రక్తనాళం ఎక్కడున్నది అక్కడే ఉంది. వాలు గీత దాని మీద అంగుళం జరక్కుండా కూర్చుంది. లోపల ఇంతసేపూ వెలిగిన రంగు మాత్రం లేదు. గొట్టం ఉంది, నెత్తురు లేదు.

"తొక్కడం ఆపు" అంది. ఫుష్... ఫుష్...

"తొక్కు." నిశ్శబ్దం.

"ఆపు." ఫుష్... ఫుష్...

వెందులాకు తను చేసిన పొరపాటు తెలిసొచ్చింది. ఆ వెంటనే, సిగ్గు సిగ్గుగానే, ఎక్కడలేని సంతోషమూ ముంచుకొచ్చింది. "ఓరి దేవుడా!" అంది పైకే. "దొరికిందిరా నాయనా, దొరికింది! ఫ్లోరియాన్ గారూ, ఆ చెయ్యి తియ్యకండి, మీకు పుణ్యముంటుంది!"

"ఏం దొరికింది? మిషన్ పాడైందా?"

"మిషన్ కాదు, నేనే పాడయ్యాను. పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని కూర్చున్నాను. వసంతంలో వచ్చినప్పుడూ ఇలాగే ఆగింది. నా కోణం జారిందనుకుని నీ మీద కసురుకున్నాను రదిమ్. నువ్వు కాలితో చెప్తూనే ఉన్నావు, నేను నోరు మూయించాను. తప్పు నాది."

అప్పటికీ ఆమె తొందరపడలేదు. గట్టిగా తొక్కితే ఆరోగ్యమైన కాళ్ళలోనూ ఒక్కోసారి నాళం కాస్త నొక్కుకుంటుంది. అందుకని ముసలాయన్ని కూడా బల్ల ఎక్కించింది. ఆయన మేజోడు విప్పనని మొండికేశాడు, చిల్లుందని. చివరికి విప్పాడు, చిల్లు ఉంది. తొక్కినా తొక్కకపోయినా ఆయన మోకాలి వెనక నెత్తురు కొండదిగే ఏరులా ఉరుకుతూనే ఉంది.

"డెబ్బై రెండేళ్ళకు ఈ కాళ్ళేంటండీ బాబూ!" అంది వెందులా.

మామూలప్పుడైతే ఆ మాటకు ఆయన నెల రోజులు మురిసేవాడు. ఇప్పుడు బల్ల మీద అలాగే పడుకుని, "అంటే డాక్టరమ్మా, వీడు మునివేళ్ళ మీద లేచినప్పుడల్లా..." అన్నాడు.

"పిక్క కండ ఏదో లోపల తప్పు చోట అతుక్కుని ఉండాలి. కాలు సాగదీసినప్పుడల్లా నాళాన్ని పిసికేస్తోంది. పాదానికి నెత్తురు ఆగిపోతోంది. ఇలాగే ఆడుతూ ఉంటే ఏదో ఒకరోజు లోపల గడ్డకట్టేది. కాలికే ముప్పు."

"నెత్తురు లేని కాలితో ఎగిరాడా వీడు?"

"రెండేళ్ళు."

"నేనేమో కింద నిలబడి ఇంకా పైకి, ఇంకా పైకి అని అరిచాను" అన్నాడు ఫ్లోరియాన్. మేజోడు తొడుక్కోవడం కూడా మర్చిపోయి మనవడి వైపు చూస్తూ కూర్చున్నాడు. రదిమ్ తాత మొహం చూడలేక గోడకు వేలాడుతున్న క్యాలెండరు చూశాడు. రెండేళ్ళ బరువు దిగిందో ఏమో, అతనికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

బ్రనోలో పెద్దాసుపత్రి వాళ్ళు లోపలి ఫోటోలు తీశారు. వెందులా చెప్పిందే నిజమైంది. పండగ ఇంకా మూడు వారాలుందనగా ఆపరేషన్ చేసి, అడ్డుపడ్డ కండను కోసి నాళాన్ని విడిపించారు. కుట్లు తీసిన రోజున వెందులా మళ్ళీ ప్రోబ్ పెట్టింది. "తొక్కు" అంది. ఫుష్... ఫుష్... ఆగలేదు. ఆమె తన వయసూ హోదా మర్చిపోయి చప్పట్లు కొట్టింది.

"మరి పండక్కి?" అన్నాడు రదిమ్.

"నడువు, పాడు, తిను. ఎగిరావో, నేనే వచ్చి ఆ కాలు విరగ్గొడతాను."

ఆ ఊళ్ళో కట్టుబాటు అలాంటిలాంటిది కాదు. కుర్రకారు పెద్దగా ఉన్నవాడు మొదటి వెర్బుంక్ ఆడాలి. ఆడలేకపోతే రిబ్బన్లు కట్టిన టోపీ ఇంకొకడి నెత్తిన పెట్టి పక్కకు తప్పుకోవాలి. పండగనాడు వెందులా వెళ్ళేసరికి చర్చి ముందు జనం కిటకిటలాడుతున్నారు. కొలాచె అనే తీపి రొట్టెల పళ్ళేలు చేతులు మారుతున్నాయి. బ్యాండువాళ్ళు వాద్యాలు సవరించుకుని, టోపీ ఎవడికి పోతుందా అని చూస్తున్నారు. రదిమ్ ఓ పక్కగా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. టోపీ ఇంకా అతని తల మీదే ఉంది. మొహం చిన్నబోయింది.

ఫ్లోరియాన్ పండగ బట్టలు, నల్లటి పొడుగు బూట్లు వేసుకుని నడి మధ్యకు వచ్చి నిలబడ్డాడు.

"ముసలోడా, తప్పుకో, కుర్రాళ్ళు ఆడాలి!" అని ఎవరో అరిచారు.

"అరిచింది నువ్వేనా పావెల్! నీకే చెప్తున్నా, విను. నా మనవడు దొంగ నొప్పులు చెప్తున్నాడని ఈ ఊళ్ళో మొదట కూసింది నేను. నన్ను చూసి మీరంతా కూశారు. వాడు నిజం చెప్పాడు. అబద్ధం ఆడింది నా నోరు. డాక్టరమ్మ అదిగో, అడుక్కోండి. టోపీ వాడిదే, పాటా వాడిదే. ఈ ఏటికి కాళ్ళు నావి. కాదనేవాళ్ళు ముందుకొచ్చి నా కంటే పైకి ఎగిరి చూపించండి!"

ఎవరూ రాలేదు. కుర్రాళ్ళలో ఒకడు ఈల వేశాడు, ఆడవాళ్ళు నవ్వారు. బ్యాండు నాయకుడు భుజాలు ఎగరేసి, మనవడి వైపు తల ఊపాడు.

రదిమ్ కుర్చీలోంచి లేచి నిలబడి పాట ఎత్తుకున్నాడు. గొంతు మొదట జీరబోయి, రెండో చరణానికి తెరుచుకుంది. వయొలిన్లు అందుకున్నాయి. ముసలాయన చేతులు చాచి మెల్లగా ఊగాడు, మడమలు కొట్టాడు, వేగం పెరిగాక నేల విడిచి లేచాడు. మహా ఎత్తేం కాదు. అయినా ఆ వయసుకు చాలా ఎక్కువ. వెందులా ఊపిరి బిగబట్టి చూసింది. జనం కట్టుబాటు మర్చిపోయి కేకలు వేశారు. పావెల్ అందరికంటే గట్టిగా అరిచాడు.

పాట అయిపోయాక ఫ్లోరియాన్ చెమటలు కక్కుతూ వచ్చి మనవడి పక్కన కుర్చీలో దభీమని కూలబడ్డాడు. తర్వాత పిక్క రెండు చేతులతో పట్టుకుని, చుట్టూ చూసి, ఎవరికీ వినపడకుండా, "పట్టేసిందిరా" అన్నాడు.

"నమ్ముతున్నా తాతా" అన్నాడు రదిమ్, ముందుకు వంగి ఆయన బూటు పట్టుకుని లాగుతూ.