చీకటి గది, ఖాళీ గది

నలభై శాతం. నాలుగంతస్తుల ప్రభుత్వ కార్యాలయంలో పాత ట్యూబులైట్లు తీసేసి, మనిషి కదలికను బట్టి వెలిగి ఆరే ఎల్‌ఈడీ దీపాలు బిగించే పని నాకు ఇస్తూ వాళ్ళు రాయించుకున్న షరతు అదొక్కటే. మూడు నెలల్లో కరెంటు వాడకం నలభై శాతం తగ్గాలి. తగ్గకపోతే నా దీపాలు నేనే విప్పుకొని పోవాలి. ముప్పై ఏళ్ళుగా ఎలక్ట్రికల్ సామాను అమ్ముతున్నాను. సరుకుకు హామీ ఇవ్వడం అలవాటే గానీ మనుషులు దాన్నెలా వాడతారో దానికి హామీ ఇవ్వడం అదే మొదటిసారి.

రెండో నెల చివర మీటరు చూస్తే ఆదా ముప్పై మూడు శాతం దగ్గర ఆగింది. చిల్లు ఎక్కడుందా అని వెతికితే నేలమాళిగలో దొరికింది. అక్కడున్నది రికార్డు గది. కిటికీ లేదు, ఫోన్ సిగ్నల్ అందదు, పగలంతా దీపాలు వెలగాల్సిందే. పనిచేసేది ఒకే మనిషి, మా అక్క భర్త. చిరిగిన రిజిస్టర్లకు అతుకులు వేసి, కుట్టి, ర్యాకుల్లో సర్దడం బావ ఉద్యోగం.

ఒక్క మనిషికి ఇరవై నాలుగు దీపాలు. ఏ కొట్టువాడూ ఒప్పుకోని లెక్క అది. కదలిక ఆగిన పదిహేను నిమిషాలకు ఆరేలా పెట్టిన సెన్సర్‌ను రెండు నిమిషాలకు తిప్పేశాను.

కుట్టుపని చేసేవాడికి వేళ్ళు తప్ప ఇంకేమీ కదలవు. పైకప్పున ఉన్న సెన్సర్‌కు వేళ్ళు ఆనవు. ఆరినప్పుడల్లా బావ చెయ్యెత్తి ఊపాల్సి వచ్చేది. వారం తర్వాత నేను వెళ్తే సూది పట్టుకున్న చేత్తోనే ఊపి చూపించాడు.

"బతికే ఉన్నానని గంటకి ఇరవైసార్లు నీ దీపానికి సాక్ష్యం చెప్పుకోవాలట్రా? మీ అక్క కూడా ఇంత అనుమానించలేదు."

"భుజానికి కసరత్తు బావా. ఫీజు కూడా లేదు."

"కూర్చున్నప్పుడు ఎలాగోలా ఊపుతాను. నిచ్చెన మీద రెండు చేతులా రిజిస్టరు పట్టుకుని ఉంటే ఏ చెయ్యి ఊపను? మళ్ళీ పదిహేనుకి తిప్పెయ్."

ఒక్క నెల ఓర్చుకోమన్నాను. ఆ తర్వాత పదిహేనేం ఖర్మ, ముప్పై పెడతానన్నాను. కొట్లో 'అప్పు రేపు' అని బోర్డు పెడతారే, నీ నెల అలాంటిదేనని నవ్వి ఊరుకున్నాడు. ఆయన మంచితనాన్ని కూడా నేను ఆదా కిందే జమ వేసుకున్నాను.

ఇంకో ఆదా కూడా చేశాను. అంతకుముందు వాచ్‌మన్ సాయంత్రం తాళాలు వేసేముందు గది గదికీ వెళ్ళి స్విచ్‌లు ఆపేవాడు. నా దీపాలకు ఆ అవసరం లేదు. అతడికి మోకాళ్ళ నొప్పులు. ఇంకెందుకయ్యా కిందికి దిగడం, మెట్ల పైనుంచి తొంగి చూడు, చీకటిగా ఉంటే ఖాళీ అని అర్థం, అని చెప్పాను. చల్లగా ఉండమని దీవించాడు. రోజుకు ఇరవై నిమిషాల మనిషి పని మిగిలిందని ఆఫీసరుకు గొప్పగా చెప్పుకున్నాను కూడా.

మూడో నెలలో ఒక శనివారం. ఆఫీసు ఒంటిపూటే. మిగిలిన రిజిస్టర్లు సర్దేసి వెళ్దామని బావ కింద ఉండిపోయాడు. రెండున్నరకు వాచ్‌మన్ మెట్ల పైనుంచి చూశాడు. చీకటి. తాళం వేసి, ఆవరణ చివర గేటు దగ్గరికి వెళ్ళిపోయాడు.

అయిదింటికి అక్క ఫోన్ చేసింది. బావ ఇంటికి రాలేదు, ఫోన్ కలవడం లేదంది. నేను వాచ్‌మన్‌ను అడిగాను.

"కింద చీకటండీ. ఎవరూ లేరు."

నా మాటే అతడి నోట వినబడింది. నమ్మకుండా ఎలా ఉంటాను? ఆఫీసులో మాత్రం లేడక్కా, అది ఖాయం అని చెప్పాను. ఆసుపత్రులు తిరిగాను, బస్టాండు తిరిగాను, బైండింగు చేసే ఆయన స్నేహితుడి ఇంటికి రెండుసార్లు వెళ్ళాను.

ఆదివారం పొద్దున అక్క మా ఇంటికి వచ్చి, కూర్చోకుండానే తాళాలు తెప్పించమంది.

"అక్కడంతా చీకటిగా ఉందన్నారక్కా."

"చీకట్లో మనిషి ఉండకూడదా?"

మేం ఆ గదిలో అడుగు పెట్టగానే ఇరవై నాలుగు దీపాలూ ఒక్కసారిగా వెలిగాయి. రెండో వరసలో నిచ్చెన పక్కకు ఒరిగి ఉంది. రిజిస్టర్ల కింద బావ. ఒళ్ళు చల్లబడిపోయింది.

తుంటి విరిగి లోపల రక్తం పోయిందన్నారు డాక్టరు. సమయానికి తెచ్చి ఉంటే బతికేవాడన్నారు. ఎప్పుడు పోయాడో మాత్రం కచ్చితంగా చెప్పలేమన్నారు.

నేను చెప్పగలను. ఏ గదిలో దీపం ఎప్పుడు వెలిగిందీ, ఎప్పుడు ఆరిందీ కంట్రోలు పెట్టెలో నమోదవుతుంది. అది లేకపోతే ఆదా రుజువు కాదు. విచారణకు కావాలని ఆఫీసువాళ్ళు అడిగితే శనివారం కాగితం తీశాను. రెండూ ఏడుకు ఆరింది. రెండూ ఎనిమిదికి వెలిగి, పదికి ఆరింది. నిచ్చెన మీద ఉండగా ఆరిన ఆ చీకట్లోనే పడి ఉంటాడు, ఆ పడటానికే మళ్ళీ వెలిగి ఉంటుంది. మళ్ళీ వెలిగింది రెండూ నలభై ఒకటికి. అప్పటికి తాళం పడి పదకొండు నిమిషాలు. అక్కడి నుంచి మొదట అయిదేసి నిమిషాలకు, తర్వాత పావుగంటకు, తర్వాత గంటకు. మొత్తం ముప్పై ఒక్కసార్లు చెయ్యెత్తాడు. ఆఖరిది రాత్రి తొమ్మిదీ ముప్పై ఆరుకు.

ఆ నెల మీటరు నలభై ఒకటి చూపించింది.

కర్మలన్నీ అయ్యాక అక్క నన్ను ఒకటే అడిగింది, వెంటనే పోయాడా అని. అవునంటే సరిపోయేది. కానీ ఆ కాగితం అప్పటికే నాలుగు బల్లల మీద తిరుగుతోంది, పరాయివాళ్ళ నోట వింటే ఇంకా ఘోరం. జేబులోంచి తీసి ఆమె చేతిలో పెట్టాను.

అక్క ఒక్కొక్క వరస కింద వేలు పెట్టి చదివింది. అయిదూ పదిహేను దగ్గర వేలు ఆగింది.

"నీకు ఫోన్ చేశాక ఇది."

"అవునక్కా."

చివరిదాకా చదివి కాగితం మడిచింది.

"ఆ సెన్సరు ఇప్పుడు మార్చావా?"

"సోమవారం పదిహేనుకి తిప్పాను."

"ఎంతసేపు పట్టింది?"

"అర నిమిషం."

అక్క ఆ కాగితం పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. తలుపు నేనే దగ్గరికి వేసుకుని వచ్చేశాను.