అందం మానేసిన జట్టు

కింది డివిజన్ గెలిచి పై డివిజన్‌కు ఎక్కిన రోజున ఆటగాళ్లు కోచ్‌ను భుజాల మీద మోశారు. పత్రికలు ఆయన్ని కళాకారుడన్నాయి. ఆ మాట తలకు బాగానే ఎక్కింది. బంతి గాల్లోకి లేవకూడదు, గోల్‌కీపర్ కాళ్ల దగ్గర మొదలై పొట్టి పొట్టి పాసులతో అవతలి గోల్ దాకా అల్లుకుంటూ పోవాలి, అదీ ఆయన పద్ధతి. కింది డివిజన్‌లో అది ముచ్చటగానే సాగింది. అక్కడ ఎదుటి జట్టువాళ్లు కూడా నోళ్లు తెరిచి చూస్తూ నిలబడేవారు.

పై డివిజన్‌లో ఎవరూ నిలబడలేదు. మొదటి మ్యాచ్‌లోనే గోల్‌కీపర్ పక్కవాడికి పాస్ ఇవ్వబోతే ఎవడో మధ్యలో గద్దలా వచ్చి తన్నుకుపోయాడు. తర్వాతి మ్యాచ్‌లోనూ అదే తంతు. చూస్తూండగానే జట్టు పట్టికలో అట్టడుగున చతికిలబడింది. కోచ్ మాత్రం తెల్లబోర్డు మీద ఆటగాళ్ల బదులు అయస్కాంతపు బిళ్లలు జరుపుతూ, తప్పు పద్ధతిది కాదు, కాళ్లదని తేల్చేవాడు. బిళ్లలు ఎప్పుడూ సరైన చోటికే వెళ్లేవి మరి.

ఆ గోల్‌కీపర్ ఆయనకు స్వయానా బావమరిది. మైదానంలో సార్, ఇంట్లో బావ. ఒక ఆదివారం అక్క వడ్డిస్తుంటే తలెత్తకుండా తిని, చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు. వాడటు వెళ్లగానే ఆవిడ గరిటె పక్కన పెట్టింది.

"వాడు వీధిలోకి పోవడం మానేశాడు. బంతిని దూరంగా తన్నెయ్యమంటే మీ సొమ్మేం పోతుంది?"

"అప్పుడది ఆటవదే, తన్నులాటవుతుంది."

"మరిప్పుడు తింటున్నవేంటి, ముద్దులా?"

కోచ్ సగం అన్నం వదిలేసి లేచాడు. రెండు రోజులు ముఖం ముడుచుకుని తిరిగాడు. మూడో రోజు ప్రాక్టీసులో, చేదు మందు మింగినట్టు గుటక వేసి, కొత్త పద్ధతి చెప్పాడు. ఒక్కడు తప్ప అందరూ గోల్ ముందు రెండు వరుసల్లో గోడ కట్టాలి. గోల్‌కీపర్ బంతిని బలం కొద్దీ ముందుకు తన్నాలి. అక్కడ ఒంటరిగా ఉండే స్ట్రైకర్, పొడుగు చూసి అందరూ నిచ్చెన అని పిలిచే కుర్రాడు, తలతో ఏదో ఒకటి చెయ్యాలి. కెప్టెన్ ఆనందం పట్టలేక కోచ్‌ను కావలించుకున్నాడు. పొట్టి పాసులంటే అతనికి చిన్నప్పటి ఎక్కాల కన్నా భయం.

డ్రాలు మొదలయ్యాయి. మధ్య మధ్య ఏ కార్నర్ కిక్ పుణ్యమో ఓ గెలుపు. జనం స్టాండుల్లో ఆవులించారు. కళాకారుడన్న పత్రికలే తాపీమేస్త్రి అన్నాయి. ఒక పెద్ద జట్టు కోచ్ అయితే, ఇది ఫుట్‌బాల్ కాదంటూ చెయ్యి కూడా కలపకుండా వెళ్లిపోయాడు. నిజానికి ఆ మాట మన కోచే అనవలసినది. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. తన జట్టు ఆట తానే చూడలేక కోచ్ తువ్వాలు ముఖం మీద కప్పుకునేవాడు.

ఆఖరి మ్యాచ్ దాకా బతికి బట్టకట్టారు. అది గెలిస్తే ఉంటారు, లేకపోతే దిగిపోతారు. ఆ ఉదయం క్లబ్ యజమాని వచ్చి, వియ్యాలవారు మ్యాచ్ చూడటానికి వస్తున్నారనీ, ఈ ఒక్కసారికి పాత ఆట అందంగా ఆడించమనీ అడిగాడు. కోచ్ గుండె ఎగిరి గంతేసింది. ఎలాగూ గెలవాలి కదా, అందంగానే గెలవచ్చుగా. మందు నూనె వాసన కొట్టే డ్రెస్సింగ్ గదిలోకి వెళ్లి ఆ మాటే ఆటగాళ్లకు చెప్పాడు. బూటు లేసు ముడివేసుకుంటూ కెప్టెన్ అన్నాడు:

"మీరు ఆడమంటే ఆడతాం సార్. కానీ దిగిపోయాక అందంగా దిగామని ఎవరూ అనరు."

కోచ్ బావమరిది వంక చూశాడు. వాడు చేతి తొడుగుల వంక చూసుకున్నాడు. తెల్లబోర్డు మీది బిళ్లలన్నీ గోల్ ముందుకు లాగేసి కోచ్ బయటికి నడిచాడు.

ఆట అంతా గోడ మీదే సాగింది. బంతి స్తంభాలకు తగిలింది, కెప్టెన్ ముక్కుకు తగిలింది, బావమరిది పొట్టకు తగిలింది, వలకు మాత్రం తగల్లేదు. ఇక అయిపోవస్తుందనగా వీళ్లకు కార్నర్ వచ్చింది. తోపులాటలో నిచ్చెన బోర్లా పడ్డాడు. లేవబోతూ ఇంకా చేతుల మీదే ఉండగా, అవతలి డిఫెండర్ కంగారుగా తన్నిన బంతి వాడి పిరుదులకు కొట్టుకుని, తాపీగా దొర్లుకుంటూ గోల్లోకి వెళ్లింది. ఏం జరిగిందో నిచ్చెనకు అందరికన్నా ఆఖరున తెలిసింది.

అంత వికారమైన గోల్ కోచ్ జన్మలో చూడలేదు. తువ్వాలు ఈసారి కళ్లు తుడుచుకోవడానికి పనికొచ్చింది. విజిల్ మోగాక బావమరిది మైదానానికి అడ్డంగా పరుగెత్తుకొచ్చి, అందరి ముందూ "బావా" అని మీద పడ్డాడు. కోచ్ వాణ్ణి చాలాసేపు వదల్లేదు.

యజమాని వియ్యంకుణ్ణి వెంటబెట్టుకుని దిగివచ్చాడు. ఆ గోల్ ముందే అనుకుని కొట్టిందేనా అని వియ్యంకుడు ఎంతో మర్యాదగా అడిగాడు.

"నెలరోజులుగా అదే ప్రాక్టీసండీ," అన్నాడు కోచ్.