ఆఖరి భాగం ఇంటి దగ్గరే

"ఈసారి ఆఖరి భాగాలు కూడా పెట్టేయే" అని మా ఆయన అనగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

వినేవాళ్ళకి అది చాలా చిన్న మాట. అంత మాటకే అంత కోపమా అని మీకూ అనిపించవచ్చు. నా కోపం మీకు అర్థం కావాలంటే ముందు మా అమ్మ కొట్టు సంగతి చెప్పాలి.

మా అమ్మ అచ్చియ్యమ్మ చోడవరం బస్ కాంప్లెక్స్ ఎదురుగా అద్దె పుస్తకాల కొట్టు నడిపేది. వారపత్రికల్లో వచ్చే డిటెక్టివ్ సీరియళ్ళని వారం వారం కత్తిరించి, దాచి, పూర్తయ్యాక అట్ట వేసి దబ్బనంతో కుట్టేది. కె.కోటపాడు టీచర్లు, రోలుగుంట వెళ్ళే కాంపౌండర్లు, బస్సు కోసం నిలబడ్డ ప్రతివాడూ ఒక హత్య చంకలో పెట్టుకుని పోయేవాడు. పోయినవాడి చేత పుస్తకం తిరిగి తెప్పించడమే గగనం. అందుకని అమ్మ ఒక పద్ధతి పెట్టింది. ప్రతి పుస్తకానికీ ఆఖరి భాగం విడిగా కుట్టి తన దగ్గరే ఉంచుకునేది. పుస్తకం తెచ్చి ఇచ్చినవాడికే ఆఖరి భాగం. అదీ అక్కడే బల్ల మీద కూర్చుని చదివి పోవాలి. హంతకుడెవరో తెలియకపోతే ఎవరికి అన్నం సహిస్తుంది? అందరూ పరుగెత్తుకుంటూ వచ్చేవాళ్ళు. ఒక్క కండక్టరు సత్యారావు మాత్రం, "నా డ్యూటీ ఎప్పుడు మారిపోద్దో తెలీదమ్మా, ఆఖరి భాగం కూడా ఇచ్చేద్దురూ" అని బతిమాలి పట్టుకుపోయాడు. ఆ సత్యారావూ, ఆ పుస్తకమూ మళ్ళీ చోడవరంలో కనబడితే ఒట్టు. "ఆఖరి భాగం ముందే అడిగినోడు మరి రాడే" అని అమ్మ బతికున్నన్నాళ్ళూ అంటూనే ఉంది.

టీవీలొచ్చి కొట్టు పోయింది. ఇంక అద్దెకిచ్చే పని లేదని అమ్మ ఆఖరి భాగాలన్నీ మళ్ళీ పుస్తకాలకే కలిపి కుట్టేసింది. తరవాత అమ్మా పోయింది. పుస్తకాలు ట్రంకుపెట్టెల్లో మా అటకెక్కాయి.

మా ఆయన సత్తిబాబు నాకు మేనత్త కొడుకే. బావా అనే పిలుస్తాను. సరుకు ఓడలో ఫిట్టరు పని. ఎక్కాడంటే తొమ్మిది నెలలు దిగడు. పెళ్ళైన కొత్తలో మొదటిసారి ఓడెక్కబోతూ చదువుకోడానికి పుస్తకాలడిగాడు. అప్పటికి దేనిమీదో ఇద్దరం మాటల్లేకుండా ఉన్నాం. ఆ కోపంలో నేను అమ్మ పద్ధతే పెట్టాను. పుస్తకాలిచ్చి, ఆఖరి భాగాలన్నీ దారం కోసి తీసి బీరువాలో పెట్టి తాళం వేశాను.

"ఇదేటే! నడిసముద్రంలో హంతకుడి కోసం నానెక్కడికెల్లాలి?" అన్నాడు.

"ఇంటికి రా" అన్నాను.

అప్పటినుంచీ అదే మా ఇంటి ఆచారమైపోయింది. దిగి వచ్చిన రోజున స్నానం చేసి, మా అత్త పెట్టిన చేపల పులుసు తిని, అరుగు మీద చతికిలబడి ఆఖరి భాగాలన్నీ వరసపెట్టి చదువుతాడు. తను అనుకున్నవాడు హంతకుడు కాకపోతే రాసినవాడినీ నన్నూ కలిపి తిట్టిపోస్తాడు. ఆ తిట్లు చెవిన పడితే గానీ మనిషి ఇంటికొచ్చాడని నాకు నమ్మకం కలగదు.

ఈ ఏడు చెరకు నరుకుళ్ళు అయిపోతుండగా మళ్ళీ ఓడ పిలుపు వచ్చింది. ట్రంకుపెట్టెలు దించి వసారాలో పరిచాను. ఓడకి పుస్తకాలు ఏరడమంటే మాటలు కాదు. సన్నవి పనికిరావు. రెండో వారానికే గుట్టు తెలిసిపోయేవి పనికిరావు. అన్నిటికీ మించి మా అత్త మంగాయమ్మ ఒప్పుకోవాలి. ఆవిడకి అక్షరం ముక్క రాదు, అయినా ఆవిడ సెన్సారు దాటకుండా ఏ పుస్తకమూ సముద్రం చూడదు. చేటలో బియ్యం ఏరుకుంటూ గోడవారన కూర్చుంటుంది.

"ఇందులో ఎలాగ సస్తారు?" అని అడిగింది.

"కత్తితో పొడుస్తారు."

"పరవాలేదు, పెట్టు. అదో?"

"నూతిలో తోసేస్తారు."

"తియ్యి, తియ్యి! నీల్లల్లో సచ్చే కతలు ఓడెక్కకూడదని ఎన్నిసార్లు సెప్పాలే నీకు?"

"దివాణంలో విందు" అని అమ్మ ఎర్ర సిరాతో రాసిన లావుపాటి పుస్తకం చేతికొచ్చింది. అత్త అడగకముందే చెప్పాను. "ఇందులో అందరూ ఇసంతోనే. వంటోడు మూడో వారంలోనే పోతాడు, కూర రుచి సూసి. ఆనక జమీందారు."

"పాపం, వంటోడు. పెట్టు."

బావ దేనికీ వంక పెట్టలేదు. అసలు మామూలుగా అయితే ప్రతి పుస్తకం దగ్గరా బేరమాడతాడు. అట్ట బాగోలేదంటాడు, ఇన్‌స్పెక్టర్ పేరు నచ్చలేదంటాడు, పోయినసారి ఇచ్చినదాంట్లో హంతకుడు ఇట్టే దొరికిపోయాడని నన్ను ఎద్దేవా చేస్తాడు. ఆరోజు ఏది చూపించినా "ఊఁ" అన్నాడు. నేను బ్లేడు తీసి మొదటి పుస్తకం దారం కోయబోతుంటే అప్పుడన్నాడు ఆ మాట. ఈసారి ఆఖరి భాగాలు కూడా పెట్టేయమని.

"ఎందుకు?" అన్నాను.

"ఊరికేనే. తొమ్మిది నెల్లు ఆగలేకపోతన్నాను. వయసైపోతంది."

"సత్యారావు కూడా ఇలాగే అడిగేడు."

"ఆడెవడే?"

"ఆడెవడో నీకు బాగా తెలుసు. మా అమ్మ నీకు వందసార్లు సెప్పింది. సరిగ్గా సెప్పు బావా, ఓడ ఈసారి ఎటెల్తంది?"

పుస్తకం అట్ట గోటితో గీకుతూ కూర్చున్నాడు. అత్త చేతిలో చేట ఆగిపోయింది.

"ఎర్ర సముద్రం" అన్నాడు చివరికి.

టీవీలో చూస్తూనే ఉన్నాం కదా ఆ సముద్రం. అక్కడో ఇరుకు ఉంది, దాటే ఓడల మీద డ్రోన్లో, రాకెట్లో వచ్చి పడుతున్నాయి. మండుతున్న ఓడని చూపిస్తే మా అత్త టీవీకి దణ్ణం పెట్టింది, ఎవరి కొడుకులో అని.

"ఇష్టం లేనోల్లు ఎల్లనక్కర్లేదని నువ్వే సెప్పేవు గదా. ముందు రేవులోనే దింపేసి ఇంటికి పంపించేస్తారని."

"పంపించేస్తారు."

"మరి ఎల్లనని సెప్పేవా?"

"సెప్పలేదు. ఆ ఇరుకు దాటిన రోజులకి డబల్ జీతమే. పైగా ఒకసారి వద్దన్నోడిని ఏజెంటు మల్లీ పిలుస్తాడేటి?"

"నన్నడిగేవా?"

"అడిగితే ఒద్దంటావు."

"ఇంకెవరికి తెలుసు?"

"ఖాదర్ భాయ్‌కి. ఇద్దరం కలిసే ఒప్పుకున్నాం."

ఖాదర్ మొహిద్దీన్ అదే ఓడలో వంటవాడు, అనకాపల్లి మనిషి. అనకాపల్లిలో ఉన్న వంటవాడికి తెలుసు. పక్కన పడుకునే పెళ్ళానికి తెలీదు! నాకు ఒళ్ళు మండిపోయింది. భయం వేస్తే కొందరికి ఏడుపొస్తుంది, నాకు కోపం వస్తుంది. ఈ మనిషి చావుకి కూడా ముందే ఏర్పాట్లు చేసుకున్నాడు. చచ్చేలోగా హంతకుడు తెలిసిపోవాలట. నా సంగతి, అత్త సంగతి ఎలా పోయినా ఫరవాలేదు, కథ మాత్రం మధ్యలో ఆగకూడదు! డబ్బు కోసమైతే నాతో పోట్లాడి ఒప్పించుకోవచ్చు కదా. ఏళ్ళ తరబడి ప్రతిదానికీ పోట్లాడుకున్నవాళ్ళం, దీనికొక్కదానికి నోరు పడిపోయిందా? అవే మాటలు అతని మొహం మీదే అన్నాను. ఇంకా చాలా అన్నాను. వీధిలో వాళ్ళు గుమ్మాల్లోకి వచ్చారు.

అత్త చేట నేలకేసి కొట్టింది. బియ్యం వసారా అంతా చిందాయి.

"పుస్తకాలు ఇయ్యకే ఈడికి" అంది. "ఒక్కటి కూడా ఇయ్యకు. ఎలాగెల్తాడో సూస్తాను."

పుస్తకాల్లేకపోతే మానేసే ప్రయాణం కాదని ఆవిడకీ తెలుసు. ఒప్పుకుని వచ్చేశాడు, ఇంక ఆ మనిషి వెనక్కి తగ్గడు. నేనూ అదే రక్తం కాబట్టి నాకు తెలుసు.

మర్నాడు మధ్యాహ్నం వసారాలోనే కూర్చుని దారాలు కోశాను. బావ గుమ్మంలో నిలబడి చూశాడు.

"కోసేస్తన్నావా?"

"కోసేస్తన్నాను."

"మరి నానడిగింది?"

"నాకు వినబడలేదు."

బ్లేడు జారి వేలు తెగింది. అతను పసుపు తెచ్చి పెట్టబోతే చెయ్యి లాక్కున్నాను. బస్సెక్కే రోజు దాకా మా ఇంట్లో గిన్నెల చప్పుడే గానీ మనిషి మాట లేదు. కాంప్లెక్స్ దగ్గర సూట్‌కేస్ డిక్కీలో పెట్టించి నా దగ్గరకొచ్చాడు.

"ఎల్తానే దుర్గా."

"ఎల్తాననకు!" అని అరిచాను. టీ కొట్టు దగ్గరవాళ్ళు తిరిగి చూశారు.

"ఎల్లొస్తాను."

"పుస్తకాలు పాడుచెయ్యకు" అన్నాను. నా నోటికి అంతకంటే మంచి మాట రాలేదు.

ఓడెక్కాక రెండు రేవుల నుంచి ఫోన్ చేశాడు. అత్తతో బాగానే మాట్లాడాడు, నాతో పొడిపొడిగా మాట్లాడాడు. మూడోసారి చేసినప్పుడు నేను దండెం మీద బట్టలు ఆరేస్తున్నాను. ఓడ మీద వైఫై కావడంతో గొంతు ముక్కలు ముక్కలుగా వస్తోంది.

"రేపటేల దాటుతామే. ఇంక నెట్ ఆపేస్తారు, దాటేదాకా ఫోనుండదు. 'దివాణంలో విందు' అయిపోయింది. దుర్గా, ఒక్కటంటే ఒక్కటి సెప్పవే. జమీందారుని సంపిందెవడు?"

"ఇంటికొచ్చి సూసుకో."

"నీకు దణ్ణం పెడతాను. ఇంజన్ రూములో ఇదే ఆలోచన. ఖాదర్ భాయ్ డాక్టరంటన్నాడు, నాను తమ్ముడంటన్నాను. పేరొక్కటి సెప్పు, సాలు."

అతని గొంతులో భయం ఉంది. అంత పెద్ద మనిషి గొంతు చిన్నపిల్లాడిలా సన్నగా వస్తోంది. నాకు గుండె కరిగిపోయింది. పేరు నాలిక చివరిదాకా వచ్చింది. ఆఖరి కోరికలా అడుగుతున్నాడు, తీర్చకపోతే పాపం అనిపించింది. ఆఖరి కోరిక అన్న మాట మనసులోకి రాగానే మళ్ళీ మండిపోయాను. కోరిక తీరినవాడికి ఇంటికి రావలసిన పనేముంది? మా అమ్మ ముప్పై ఏళ్ళు కొట్టు నడిపింది ఊరికేనా?

"వంటోడు" అన్నాను.

ఫోన్ పెట్టేశాను.

వంటవాడు మూడో వారంలోనే చచ్చిపోతాడు. జమీందారు చావడం ఎప్పుడో తొమ్మిదో వారంలో.

ఆ తరవాత రోజులు ఎలా గడిచాయో నన్నడక్కండి. పాలవాడితో పోట్లాడాను, నీళ్ళు కలిపాడని. కలపలేదని వాడూ నేనూ ఎరుగుదుం. అత్త టీవీ పెడితే కట్టేశాను, నేను కట్టేస్తే ఆవిడ మళ్ళీ పెట్టింది. ఖాదర్ పెళ్ళాం తహమీనా అనకాపల్లి నుంచి ఫోన్ చేసి, "అక్కా, మీకేమైనా ఫోనొచ్చిందా?" అని ఏడిస్తే, "ఏడవకు, ఏడిస్తే సంపేస్తాను" అని కసిరాను. తరవాత నేనే మళ్ళీ చేసి చాలాసేపు మాట్లాడాను. బీరువా తెరిచి ఆ ఆఖరి భాగం తీసి చేత్తో పట్టుకుని కూర్చున్నాను. అబద్ధం చెప్పి పంపానే. ఏమైనా అయితే, మొగుడికి నేను చెప్పిన ఆఖరి మాట ఒక అబద్ధం. అది తలుచుకుంటే అతని మీదే మళ్ళీ కోపం వచ్చేది. నా చేత అలా చెప్పించినవాడు అతనే కదా.

ఆరోజు అత్త వసారాలో బియ్యం ఏరుతోంది. నేను అంట్లు తోముతున్నాను. ఫోన్ మోగింది. బూడిద చేతులతోనే ఎత్తాను.

"ఒసే! నీకు బుద్దుందేటే?" అవతల బావ గొంతు. ముక్కలు కాకుండా, గట్టిగా, నిండుగా వినబడింది. బాగున్నావా అనలేదు, దాటేశామనీ అనలేదు. "వంటోడెలా సంపుతాడే? ఆడు మూడో వారంలోనే సచ్చిపోయేడు గదా! ఆ ఇరుకంతా నానూ ఖాదర్ భాయ్ అదే కొట్టుకుసచ్చేం. వంటోల్ల మీద ఇంత నిందేటని ఆడు అలిగి ఉప్పులేని కూర పెట్టేడు. ఏ ఎదవ రాసేడే ఈ పుస్తకం? నువ్వైనా సదివి సెప్పేవా, సదవకుండా సెప్పేవా?"

మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాను. బూడిద కళ్ళల్లో పడి ఇంకా మండాయి.

"ఇనబడతందా? ఉన్నావా?" అని అరుస్తున్నాడు.

అత్త లేచి వచ్చి నా మొహంలోకి చూసింది.

"ఏటే? ఏటంటన్నాడు?"

"తిడతన్నాడత్తా."

అత్త గోడ పట్టుకుని నెమ్మదిగా కింద కూర్చుంది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"తిట్టనీ" అంది. "ఇంకా గట్టిగా తిట్టమను."