లెక్కలో లేని నలుగురు

ఆస్పత్రి వంటింట్లో పంతొమ్మిదేళ్ళుగా గరిటె తిప్పుతున్న ఆమెను పేరుపెట్టి పిలిచేవాళ్ళు ఒక్క భర్త తప్ప ఎవరూ లేరు. డాక్టర్లకు, ఆయాలకు, లిఫ్టు నడిపే అతనికి, అందరికీ ఆమె పెద్దక్కే. ఆ పెద్దక్క వారానికి నాలుగు సాయంత్రాలు ఏప్రాను విప్పి సంచిలో కుక్కి, రెండు వీధుల అవతలున్న బడికి పదో తరగతి చదవడానికి పరుగెత్తేది.

పగలు చిన్నపిల్లలు కూర్చునే గదే సాయంత్రం పెద్దవాళ్ళ తరగతి. బెంచీలు మోకాళ్ళ ఎత్తున ఉండేవి. గోడ మీద రంగు పెన్సిళ్ళతో గీసిన ఏనుగులు, ఐదు కాళ్ళ కుక్క ఒకటి. ఆ కుక్కను చూసినప్పుడల్లా పెద్దక్కకు కాస్త ధైర్యంగా ఉండేది. తప్పు గీసినా చింపెయ్యకుండా గోడకు అంటించినవాళ్ళెవరో మంచివాళ్ళనిపించేది.

ఆమెకు ఈ చదువు సరదాకు కాదు. వంటింటి పెద్ద మరో ఆరు నెలల్లో రిటైరవుతున్నాడు. ఆ కుర్చీలో కూర్చోవలసింది పెద్దక్కేనని ఆయనా అన్నాడు, డాక్టర్లూ అన్నారు. కానీ కొత్తగా ఒక నిబంధన వచ్చింది: పదో తరగతి పాసైనవాళ్ళకే ఆ ఉద్యోగం. లేదంటే బయటినుంచి ఎవరినో తెస్తారు. రోగుల మొహాలు ఎరగని మనిషి, ఎవరు ఏది మింగగలరో ఏది మింగలేరో తెలియని మనిషి. ఆ ఆలోచన వస్తే ఆమెకు ముద్ద దిగేది కాదు. మిగతా అన్ని సబ్జెక్టులూ పాసైంది. లెక్కల్లో మూడు మార్కులతో పోయింది. రిటైర్మెంటు లోపల ఇంకొక్క పరీక్షే ఉంది.

దానికి ముందు తరగతిలో ఒక పరీక్ష పెట్టారు. టీచరమ్మ జవాబు కాగితాలు పంచుతూ పెద్దక్క కాగితాన్ని మాత్రం మార్కులు లోపలికి వచ్చేలా మడిచి ఇచ్చింది. ఆ పిల్ల వయసు పెద్దక్క వయసులో సగం ఉంటుంది. ఆ మడతలోనే పెద్దక్కకు విషయం అర్థమైపోయింది. విప్పి చూస్తే ఇరవై నాలుగు.

పక్క బెంచీలోంచి లారీ డ్రైవరు మెడ సాచాడు.

“అక్కా, నాకు ఇరవై ఆరు. నీకంటే రెండెక్కువ. ఇకనుంచి నన్ను ‘మీరు’ అనాలి.”

“అలాగేనండీ డ్రైవరుగారూ. ముందు తమరి కాళ్ళు నా బెంచీ కిందనుంచి తీస్తారా?”

“ఈ బెంచీలో నా కాళ్ళు పట్టవక్కా. ఒకటి నీ దగ్గర దాచుకున్నా.”

టీచరమ్మ నవ్వు ఆపుకుంటూ డ్రైవరు కాగితం అందుకుంది.

“ఈ లెక్క చూడండి. గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో వెళ్ళే లారీ రెండువందల నలభై కిలోమీటర్లు ఎంతసేపట్లో వెళ్తుంది? మీరు ఐదు గంటలని రాశారు.”

“ఐదే పడుతుంది టీచరమ్మా.”

“నాలుగండీ!”

“మధ్యలో టీ తాగొద్దా? టైర్లు చూసుకోవద్దా? రైల్వే గేటు పడిందంటే ఎవరు తీస్తారు, మీరొచ్చి తీస్తారా?”

“లెక్కలో గేటు లేదు కదండీ.”

“ఆ లెక్క రాసినాయన జన్మలో లారీ ఎక్కి ఉండడు.”

తరగతి తరగతంతా గొల్లుమంది. టీచరమ్మ కూడా కళ్ళు తుడుచుకునేంతగా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏదో తట్టినట్టు ఆగి, పెద్దక్క వైపు తిరిగింది.

“మీ కాగితం ఈ రాత్రికి నా దగ్గరుంచుతారా? రేపు ఇస్తాను.”

ఇంటికెళ్ళేసరికి గడియారాలు బాగుచేసే భర్త పొయ్యి ముందు యుద్ధం చేస్తున్నాడు. తరగతి ఉన్న రోజుల్లో వంట ఆయనది. గదంతా పొగ.

“ఎంతొచ్చాయే?” అన్నాడు దగ్గుతూ.

“ఇరవై నాలుగు.”

“నయమే. నా కూరకు అన్ని కూడా రావు.”

ఆమె గిన్నెలోకి తొంగి చూసి, మాడిన భాగాన్ని తన కంచంలో వేసుకుంది. ఆయన చూసి కూడా చూడనట్టు ఊరుకున్నాడు. కాసేపటికి, “ఎక్కాలు అప్పజెప్పమంటే గడియారం కంటే ముందు పరుగెడతావు కదా, తప్పు ఎక్కడొస్తోందే?” అని అడిగాడు.

“అదే తెలియడం లేదయ్యా. తెలిస్తే దాని పీక పట్టుకోనూ!”

మర్నాడు సాయంత్రం టీచరమ్మ అందరికంటే ముందే వచ్చి కూర్చుంది. పెద్దక్క కాగితం మీద కొన్ని లెక్కల పక్కన నీలం చుక్కలు, కొన్నిటి పక్కన ఎర్ర చుక్కలు పెట్టి ఉన్నాయి.

“ఇలా రండి. గోడకు రంగు వేసిన లెక్క కరెక్టు. బావి తవ్వింది కరెక్టు. రైళ్ళు కరెక్టు. బీజగణితం సగం వదిలేశారు, అది వేరే సంగతి. మనుషులు తినేవీ తాగేవీ మాత్రం ఆరుకు ఆరూ తప్పు. ఒక్కటి కూడా తక్కువ రాలేదు, అన్నీ ఎక్కువే వచ్చాయి. ముప్పై కిలోల బియ్యం రావాల్సినచోట ముప్పైమూడు. పదిహేను లీటర్ల పాలు రావాల్సినచోట పదహారున్నర.”

“అయ్యో రాత!”

“ఈ ఆరూ సరిగ్గా వస్తే మీకు యాభై దాటుతాయి పెద్దక్కా. ఇదిగో, ఈ మొదటి లెక్క నోటితో చెప్తూ చెయ్యండి.”

పెద్దక్క కళ్ళు చిట్లించి చదివింది. ఒక శిబిరంలో నలభై మంది. మనిషికి రోజుకు నూటయాభై గ్రాముల బియ్యం. ఐదు రోజులకు ఎంత?

“నలభై మంది కదా. నలభై నాలుగుని నూటయాభైతో హెచ్చవేస్తే...”

“ఆగండాగండి. నలభై నాలుగు ఎవరు?”

పెద్దక్క కాగితం వంక చూసింది. నలభై అనే ఉంది. తన నోట్లోంచి వచ్చిన మాట తన చెవికే కొత్తగా వినిపించింది.

“నలుగురు ఎక్కువుంటారు కదమ్మా,” అంది మెల్లగా.

“ఎవరా నలుగురు?”

“ఏమో. ఎవరో ఒకరు. వార్డునుంచి పదింటికి లిస్టొస్తుంది. నలభై అంటారు. పదకొండింటికి ఇంకొకరిని స్ట్రెచరు మీద తెస్తారు. వాళ్ళ వెంట ఇంకొకరుంటారు, పొద్దుట్నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టి ఉండరు. అడగడానికి మొహమాటపడి తలుపు దగ్గర నిలబడతారు. గిన్నె ఖాళీ అని ఎలా చెప్పనూ? నేను ఎప్పుడూ పదికొకరిని కలుపుకునే వండుతాను.”

“ఈ శిబిరంలో కూడా కలిపారా?”

“కలిపినట్టు నాకే తెలియదమ్మా. చెయ్యి అదే కలిపేసింది.”

టీచరమ్మ ఎర్రపెన్ను మూత పెట్టి పక్కన పడేసింది. అప్పుడే లోపలికొచ్చిన డ్రైవరు సంగతంతా విని బెంచీ మీద కూలబడ్డాడు.

“నేను టీ కలిపానని నవ్వారు. ఈవిడ ఏకంగా మనుషుల్నే కలిపింది!”

తప్పు దొరికింది గానీ అది పోవడం అంత తేలిగ్గా జరగలేదు. పెద్దక్క నలభై అంటే నలభై అనే రాసుకుని మొదలుపెట్టేది. చివరికి వచ్చేసరికి తలుపు దగ్గర ఎవరో నిలబడినట్టుండేది. జవాబు కొట్టేసి కాస్త పెంచేది. ఒకరోజు మరీ జాగ్రత్తపడి, కలపని నలుగురిని తీసేసింది కూడా. ముప్పైఆరు మందికి వండిపెట్టింది.

“ఇప్పుడు నలుగురిని పస్తు పెట్టావక్కా,” అన్నాడు డ్రైవరు. “మనుషుల్ని ఇటుకలనుకో. నలభై ఇటుకలు. గొడవుండదు.”

“ఇటుకలకు ఆకలుండదు తమ్ముడూ. నూటయాభై గ్రాములు దేనికి మరి వాటికి?”

పరీక్షకు తొమ్మిది రోజులుంది. ఆ తొమ్మిది రోజుల్లోనూ ఆమె పప్పు గరిటెతో గాలిలో హెచ్చవేతలు చేసింది. ఉప్పు రెండుసార్లు వేసి, పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి వార్డునుంచి మాటపడింది.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆమె కొలత భోజనాల బల్ల దగ్గర ఉంది. మూత్రపిండాల జబ్బున్నవాళ్ళకు, చక్కెర జబ్బున్నవాళ్ళకు డాక్టరు చీటీ రాసి పంపుతాడు: ఇంత అన్నం, ఇంత కూర, ఇన్ని చెంచాల పాలు. చిన్న త్రాసులో తూచి, పళ్ళెం మీద చీటీ అతికించి పంపాలి. గిన్నెలు తోమే వదిన సాయానికొచ్చింది. పదో బెడ్డు తాతగారి పళ్ళెం చూసి ఆవిడ ప్రాణం ఉసూరుమంది. “పాపం, పిచ్చుక కూడా ఇంకొంచెం తింటుంది,” అంటూ ఇంకో గరిటె వెయ్యబోయింది. పెద్దక్క ఆవిడ చెయ్యి గబుక్కున పట్టేసుకుంది.

“చీటీ చూడు వదినా! ఆయనకు ఇంతే. నువ్వు ప్రేమతో వేసే ఆ గరిటెడు రేపటికి ఆయన కాళ్ళకు వాపు తెస్తుంది. చీటీ ఉన్న పళ్ళెంలో మెతుకు కూడా ఎక్కువ పడకూడదు.”

అని, పట్టుకున్న చెయ్యి వదలకుండా అలాగే నిలబడిపోయింది.

“ఏమైందే? చెయ్యి నొప్పెడుతోంది, వదులు,” అంది వదిన.

“దొరికింది వదినా!”

“ఏం దొరికింది? ఉప్పు డబ్బానా?”

ఆ సాయంత్రం పెద్దక్క ఆయాసపడుతూ తరగతిలోకొచ్చి, లెక్కల పుస్తకంలో తిండి లెక్క ఉన్న ప్రతిచోటా పక్కన పెన్సిలుతో చిన్నగా ‘చీటీ’ అని రాసుకుంది. టీచరమ్మ వింతగా చూసింది.

“ఇది వండేది కాదమ్మా, తూచేది,” అంది పెద్దక్క. “ఇన్నాళ్ళూ ఈ లెక్కల్లోవాళ్ళు పెద్ద గిన్నె మనుషులనుకున్నాను. కాదు. అందరూ డాక్టరు చీటీతోనే వచ్చారు. ఎక్కువ పెడితే వాళ్ళకే కీడు.”

వరసగా ఏడు లెక్కలు చేసింది. ఏడూ కరెక్టు. టీచరమ్మ టీచరు ట్రైనింగులో కూడా ఈ పద్ధతి తనకెవరూ చెప్పలేదంది. డ్రైవరు లేచి నిలబడి సలాం కొట్టాడు, మోకాలు బెంచీకి తగిలి మళ్ళీ కూర్చున్నాడు.

పరీక్షరోజు భర్త తన దుకాణంలో అన్నిటికంటే నిక్కచ్చిగా నడిచే చేతిగడియారం తెచ్చి ఆమె మణికట్టుకు కట్టాడు. “ఎవరిదో పాపం, సాయంత్రం పట్టుకెళ్తానన్నాడు. ఈలోగా పాసయ్యిరా,” అన్నాడు.

హాల్లో ఫ్యానొకటి కిర్రుకిర్రుమంటోంది. బీజగణితం ఈసారి వదల్లేదు, వచ్చినంత రాసింది. పద్నాలుగో ప్రశ్న దగ్గర కలం ఆగింది. ఒక హాస్టల్లో నూటఎనభై మంది పిల్లలు, వాళ్ళలో ఐదుగురు సెలవు మీద ఇళ్ళకెళ్ళారు, తలా రెండువందల మిల్లీలీటర్ల చొప్పున ఎన్ని లీటర్ల పాలు కావాలి? బల్ల మీద వేలితో ‘చీటీ’ అని రాసుకుంది. నూటడెబ్బై అయిదు. ముప్పైఅయిదు లీటర్లు. రాసేసింది. రాశాక, ఆ ఐదుగురూ నిజంగా ఇంటికెళ్ళారో, జ్వరమొచ్చి గదిలోనే పడుకున్నారో అని ఒక అనుమానం పీకింది. కొట్టేద్దామని కలం ఎత్తింది కూడా. ‘వాళ్ళ వార్డెను చూసుకుంటాడు, నీకెందుకు’ అని తనను తాను కసిరి, నవ్వుకుంటూ పేజీ తిప్పేసింది. పర్యవేక్షకుడు ఆమెను చూసి, పరీక్ష రాస్తూ నవ్వేవాళ్ళు కూడా ఉంటారా అన్నట్టు కళ్ళద్దాలు సర్దుకున్నాడు.

ఫలితాలు వచ్చిన పొద్దున డ్రైవరు ఎక్కడో రోడ్డు మీదినుంచి ఫోన్ చేశాడు.

“అక్కా! నాకు నలభై ఒకటి! టీ మానేశాను!”

“అయ్యో, ఆరోగ్యం బాగోలేదా తమ్ముడూ?”

“పరీక్షలో అక్కా, పరీక్షలో! ఇప్పుడు తాగుతూనే మాట్లాడుతున్నా. నీకెంత?”

“యాభై ఏడు.”

అవతల గ్లాసు కిందపడిన చప్పుడైంది.

“ఇకనుంచి మిమ్మల్ని ‘మీరు’ అంటానండీ,” అన్నాడు.

ఆ మధ్యాహ్నమే పెద్దక్క ఆస్పత్రి ఆఫీసు కిటికీ ముందు నిలబడి దరఖాస్తు నింపుతోంది. లోపలి గుమాస్తా ఫైలు తిరగేసి, లోపల పనిచేసేవాళ్ళలో ఈ ఉద్యోగానికి అర్హత ఉన్నది మీరొక్కరే, బయటివాళ్ళను పిలవక్కర్లేదు, కాగితం ఇస్తే ఒకటో తారీకునుంచి చేరొచ్చన్నాడు. పేరు రాసింది, వయసు రాసింది. తర్వాతి గడి విద్యార్హత. ఉద్యోగంలో చేరిన రోజున ఆ గడిలో అప్పటి గుమాస్తాయే అడ్డంగా గీత గీశాడు. ఇప్పుడు కలం తన చేతిలో ఉంది. చెమట పట్టిన వేళ్ళు చీరకొంగుతో తుడుచుకుని, ‘పదవ తరగతి ఉత్తీర్ణత’ అని ఒక్కొక్క అక్షరమే, తొందర లేకుండా రాయడం మొదలుపెట్టింది.

“అమ్మా, వెనక లైనుంది,” అన్నాడు గుమాస్తా.

“ఉండనివ్వండి బాబూ,” అంది పెద్దక్క తలెత్తకుండా. “ఇంకా ఒత్తు పెట్టాలి.”