మొహమాటం లేని మిషన్

రోజు విడిచి రోజు పొద్దున్నే డ్రైవరమ్మ డయాలసిస్ గదికొచ్చి, కిటికీ పక్క మంచమెక్కి చెయ్యి చాపుతుంది. నర్సమ్మ సూదులు గుచ్చి మిషన్ తిప్పుతుంది. ఒంట్లో రక్తమంతా ఆ మిషన్లోంచి పోయి వస్తుంది కదా, మనిషి మింగేసిన మాటలు కూడా అందులో కొన్ని కొట్టుకొస్తాయి. వాటిని అది పైకి అనేస్తుంది. గదిలో మిగతా మిషన్లు బుద్ధిమంతులు, ఇదొక్కటే వాగుడుకాయ. ఆ మధ్య ఒక పెద్దాయన ఆ మంచమెక్కితే, అల్లుడి మీద ఆయన దాచుకున్న ప్రేమంతా గదిలో వాళ్ళకి తెలిసిపోయింది. ఆయన సిగ్గుతో చచ్చిపోయి పక్క మంచానికి మారిపోయాడు. "దాని గోల దానిది" అని నర్సమ్మ తన పని తను చూసుకుంటుంది.

డ్రైవరమ్మ ఒంట్లో ఓపికున్నన్నాళ్ళూ సిటీ బస్సు నడిపింది. లారీలకి కూడా దారిచ్చే రకం కాదు. స్టీరింగు వదిలితే మాత్రం వట్టి మొహమాటస్తురాలు. ఎవరైనా టీ తాగమంటే "వద్దండీ, ఇప్పుడే తాగొచ్చా" అంటుంది. మళ్ళీ అడిగితే "ఎందుకండీ మీకు శ్రమ" అంటుంది. మూడోసారి బలవంతం చేస్తేగానీ కప్పు ముట్టదు. వాళ్ళ ఇంటా వంటా అందరూ అంతే. అడగ్గానే అందుకుంటే ఆశపోతు అనుకుంటారని భయం.

ఆ మొహమాటమే ఆమె కొంప ముంచింది. చెల్లెలు కిడ్నీ ఇస్తానంది, పరీక్షలన్నీ కుదిరాయి. డాక్టరుగారు వచ్చి, "మీ చెల్లెలి కిడ్నీ తీసుకుంటారా?" అని అడిగారు.

"అయ్యో, వద్దండీ. దానికెందుకు కష్టం" అని డ్రైవరమ్మ రెండోసారి అడుగుతారని ఎదురుచూసింది. ఆయన తలూపి వెళ్ళిపోయారు.

సాయంత్రం చెల్లెలు లబోదిబోమంటూ వచ్చింది. "అక్కా, ఎందుకు వద్దన్నావ్?"

"వద్దని ఎక్కడన్నానే? వద్దండీ అన్నాను!"

"పోనీ రేపెళ్ళి అడుగు."

"మనంతట మనం అడుగుతామా? నోరెలా వస్తుంది?"

నెలలు గడిచాయి. అడగ్గానే ఊ కొట్టినవాళ్ళు ఆపరేషన్ చేయించుకుని ఇళ్ళకెళ్ళిపోయారు. డ్రైవరమ్మ ఒకరోజు గదంతా కలియజూసింది. మిగిలినవాళ్ళంతా తన బాపతే. ఒక్కసారి వద్దన్న పాపానికి మంచాలకి అతుక్కుపోయినవాళ్ళే. ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

సరిగ్గా అప్పుడే డాక్టరుగారు లోపలికొచ్చారు. మిషన్ అందుకుంది.

"కిడ్నీ కావాలి. బస్సెక్కాలి. ఈయన మళ్ళీ అడగడేం?"

డాక్టరుగారు ఆగిపోయారు. "మీరే కదమ్మా వద్దన్నారు. వద్దన్నవాళ్ళని మళ్ళీ అడిగితే ఒత్తిడి చేసినట్టు. అది తప్పు."

"మళ్ళీ అడక్కపోతే మమ్మల్ని గెంటేసినట్టు," అంది మిషన్.

డ్రైవరమ్మ ఖాళీ చేత్తో దాన్ని ఒక్కటి చరిచింది. "నువ్వు నోర్ముయ్! నేను చెప్తా."

లేచి కూర్చుంది. బస్సులో ఆఖరి సీటుదాకా వినిపించే గొంతు అది.

"డాక్టరుగారూ, మా ఇళ్ళల్లో మంచినీళ్ళు కూడా ఒక్కసారడిగి ఊరుకోరు. తోడబుట్టింది ఒంట్లో ముక్క కోసిస్తానంటే ఎగబడి తీసుకుంటానా? వద్దండీ అన్నాను. అది మర్యాద. మర్యాదగా ఉన్నందుకు చావమంటారా? నేను చావను. నాకు కిడ్నీ కావాలి. ఈ గదిలో వద్దన్న ప్రతివాళ్ళనీ మళ్ళీ అడగండి. నిలబడి కాదు, తీరిగ్గా కూర్చుని అడగండి. మీరు అడిగేదాకా ఈ మంచం దిగితే ఒట్టు!"

నర్సమ్మ నవ్వాపుకుంటూ స్టూలు తెచ్చి వేసింది. డాక్టరుగారు దాన్ని మంచం దగ్గరికి లాక్కుని కూర్చున్నారు.

"మళ్ళీ అడుగుతున్నానమ్మా. మీ చెల్లెలి కిడ్నీ తీసుకుంటారా?"

"వద్దం..." అని అలవాటుగా సగం మాట జారనే జారింది. మిషన్ ఊపిరి బిగబట్టింది. డ్రైవరమ్మ ఆ సగాన్నీ వెనక్కి మింగేసింది.

"తీసుకుంటాను."

ఆ రోజు మిషన్ మళ్ళీ నోరెత్తలేదు. డాక్టరుగారు స్టూలు పక్క మంచం దగ్గరికి జరుపుకున్నారు.

"పెద్దాయనా, మీ అల్లుడు కిడ్నీ ఇస్తానంటున్నాడు. తీసుకుంటారా?"

"అబ్బే, ఎందుకులెండి" అన్నాడు పెద్దాయన.

డాక్టరుగారు స్టూలు మీంచి లేవలేదు.