జాకెట్టు ముక్కల సంచులు

"సోమవారానికి రెండొందల బ్యాగులు. ఒప్పేసుకున్నాను" అన్నాడు ఉదయ్ భాస్కర్, ఫోన్‌లోంచి తలెత్తకుండానే.

చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న సంయుక్త చేయి ఆగిపోయింది. సోమవారం తన ఆఫీసులో టీమ్ లీడ్ పోస్టుకు ఇంటర్వ్యూ. ఏడేళ్లుగా ఇతరుల కోడ్‌లో తప్పులు వెతుకుతూ కూర్చున్న మనిషికి మొదటిసారి వచ్చిన పిలుపు. ఆ సంగతి మొగుడికి రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ "ఓ, సూపర్" అన్నాడు.

"సోమవారం నా ఇంటర్వ్యూ కదా?"

"అది అరగంటేగా! శని, ఆదివారాలు ఎలాగూ ఖాళీయే. శుక్రవారం లీవు పెట్టెయ్. మా డైరెక్టర్ మేడం అడిగితే కాదంటానా?"

ఖాళీ అట! చందానగర్‌లోని ఆ ఫ్లాట్‌లో ఆదివారం పూట ఖాళీగా ఉండేది ఈ మహానుభావుడొక్కడే. వంటింట్లోంచి అత్తగారు వీరలక్ష్మి అందుకున్నారు. "మొగుడు ఇంత ప్రోత్సహిస్తుంటే మూతి ముడుచుకుంటావేంటమ్మా? మా రోజుల్లో కుట్టుమిషను ముట్టుకోవాలంటే మావగారిని అడగాల్సొచ్చేది."

అసలు ఇదంతా ఆవిడ బీరువాలోనే మొదలైంది. ఏ పేరంటానికి వెళ్లినా తాంబూలంతో పాటు ఒక జాకెట్టు ముక్క పెడతారు. దాన్నెవరూ కుట్టించుకోరు. బీరువాలో దాచి, మరో ముత్తైదువ ఇంటికొస్తే బొట్టుపెట్టి ఆమె చేతిలో పెడతారు. అలా పేరుకుపోయిన ముక్కలతో సంయుక్త ఒకరోజు తన ఫోనూ తాళాలూ పట్టేలా చిన్న సంచి కుట్టుకుంది. తనకోసం తను చేసుకున్న పని చాలా ఏళ్ల తర్వాత అదొక్కటే. ఎంత ముచ్చటపడిందో! ఆ ముచ్చట వారం కూడా నిలవలేదు. హైటెక్ సిటీలో ఇప్పుడు ఎవరి చెవులకు చూసినా గుడ్డ కమ్మలు, ఎవరి భుజాన చూసినా జనపనార సంచులు. ఎకో ఫ్రెండ్లీ అన్న చీటీ ఉంటే చాలు, కుట్లు ఊడినా ముద్దొచ్చేస్తాయి. ఉదయ్ వెంటనే ఈ సంచులు అమ్మడానికి ఇన్‌స్టాలో పేజీ తెరిచాడు. గదిలో ఏసీ పద్దెనిమిదిలో పెట్టుకుని, దుప్పటి కప్పుకుని, "మేం భూమిని ప్రేమిస్తాం" అని రాశాడు. ఆ ప్రేమకు మిషను తొక్కేది మాత్రం సంయుక్త. ఇంటర్వ్యూ కోసం తెచ్చుకున్న పుస్తకం ఇరవయ్యో పేజీ దగ్గరే ఉండిపోయింది. కుట్టేటప్పుడు ప్రశ్నలు, ప్రశ్నలు చదివేటప్పుడు కుట్లు బుర్రలో తిరుగుతున్నాయి. దేని దగ్గరా మనసు నిలవడం లేదు.

గురువారం ఉదయ్ ఆఫీసు లాబీలో పర్యావరణ మేళా. సంయుక్త సగంపూట సెలవు పెట్టి వెళ్లి, అప్పటిదాకా కుట్టిన సంచులన్నీ బల్ల మీద సర్దింది. ఉదయ్ వచ్చినవాళ్లందరికీ "మా డిజైన్లు, మేం కుట్టేటప్పుడు" అంటూ వివరిస్తున్నాడు. నేల తుడుస్తున్న రజిత మాప్ ఆపి దగ్గరికొచ్చింది.

"అక్కా, గివన్ని నువ్వొక్కదానివే కుట్టినవా? నడుం గుంజలేదా?"

ఇన్ని నెలల్లో ఆ మాట అడిగినవాళ్లు లేరు. సంయుక్త కళ్లు చెమర్చాయి. "గుంజింది" అంది.

అంతలో డైరెక్టర్ అనూష నవ్వుతూ వచ్చింది. చిలకపచ్చ మీద ఏనుగుల వరస నేసిన సంచి తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. నవ్వు తగ్గింది.

"ఇది మా నార్సింగి ఇంటి గృహప్రవేశంలో నేను పెట్టిన జాకెట్టు ముక్క కదూ? పోచంపల్లిలో చెప్పి మరీ నేయించాను."

ముక్కలు చేతులు మారతాయని అందరికీ తెలుసు. పెట్టినవాళ్లకే తిరిగి చేరకూడదన్నది ఒక్కటే అందులో నియమం. ఇక్కడ చేరడమే కాదు, అమ్మకానికి కూడా కూర్చుంది.

ఉదయ్ మొహంలో నెత్తురు చుక్క లేదు. "సారీ మేడం, అది తను కుట్టింది. తనకి తెలీదు. అన్నీ తనే చూసుకుంటుంది, నేనసలు పట్టించుకోను."

ఆ గృహప్రవేశానికి వెళ్లింది ఉదయ్, వాళ్లమ్మ. సంయుక్త ఆ ఆదివారం మిషను ముందుంది. పొగడ్తలన్నీ "మేం" పద్దులో పడ్డాయి, తప్పొక్కటీ "తను" అయిపోయింది. ఒళ్లు మండిపోయింది ఆమెకు. కానీ గొంతు విప్పేసరికి అందులో మంట లేదు, వణుకూ లేదు. తనకే ఆశ్చర్యమేసింది.

"మిమ్మల్ని నొప్పించినందుకు క్షమించండి మేడం. ఇది ఎక్కడిదో నాకు తెలీదు కానీ, కుట్టింది మాత్రం నేనే. ఈ బల్ల మీదున్నవన్నీ నేనే కుట్టాను."

ఉదయ్ ఆమె మోచేతిని చిన్నగా నొక్కాడు. ఆమె చేయి వెనక్కి తీసుకుంది.

"సోమవారం నాకు ఇంటర్వ్యూ ఉంది. ఆయన ఒప్పుకున్న ఆ రెండొందలూ నేను కుట్టను."