ముంగురులు

నా తలలో గడ్డ ఉందని తెలిసిన రోజు కంటే, దానికిచ్చే మందు దాని దాకా చేరడం లేదని తెలిసిన రోజే నాకు ఎక్కువ ఒళ్ళు మండింది. నరంలోకి ఎక్కించిన మందు ఒళ్ళంతా తిరిగింది. కడుపులో తిప్పింది, నోరు పూసింది, గోళ్ళు నల్లబడ్డాయి. వెళ్ళాల్సిన చోటికి మాత్రం వెళ్ళలేదు. మెదడులోని రక్తనాళాలకు గట్టి గోడలుంటాయట. విషాలూ క్రిములూ లోపలికి రాకుండా కాపలా కాస్తాయట. మందును కూడా అదే లెక్కన ఆపేస్తాయట.

"అంటే దొంగ ఇంట్లో కూర్చుని ఉంటే పోలీసుల్ని గుమ్మంలో నిలబెట్టారన్నమాట," అన్నాను.

డాక్టరమ్మ నవ్వింది. "అలాగే అనుకోండి. ఆ తలుపు కాసేపు తీసే పద్ధతి ఒకటి వచ్చింది. ఇంకా ప్రయోగంలోనే ఉంది. నయమవుతుందని మాటివ్వలేను."

"తలుపు తీయగలరా, లేదా?"

"తీయగలం."

"అయితే తీయండి."

పక్కనున్న చెల్లి నా మోచెయ్యి గిల్లింది. ఇంటికెళ్ళి ఆలోచించుకుందాం అని దాని అర్థం. ఆలోచించడానికి ఏముంది? నేను బస్సు కండక్టరుని. ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్ళని లోపలికి జరగమని అరిచీ అరిచీ నా గొంతు ఇలా బొంగురుపోయింది. నా బుర్రలోనే ఒకడు తలుపుకి అడ్డం నిలబడి మందుని ఎక్కనివ్వనంటే ఊరుకుంటానా?

పద్ధతి వినడానికి వింతగానే ఉంది. రక్తంలోకి కంటికి కనిపించని బుడగలు ఎక్కిస్తారు. తలకు తగిలించిన యంత్రంలోంచి, చెవికి అందని శబ్దం పంపుతారు. ఆ శబ్దానికి బుడగలు అదిరి గోడలో సందులు చేస్తాయి. మందు వాటిలోంచి దూరాలి. ఒక్క రోజులో గోడ మళ్ళీ మూసుకుంటుంది కాబట్టి, మూడు వారాలకోసారి మందు ఎక్కించినప్పుడల్లా ఇదంతా మళ్ళీ చేయాలి.

తల నున్నగా గీయించుకుని రమ్మన్నారు. అన్ని మందులు పడినా ఊడని మొండి జుట్టు నాది. చెల్లికి బ్యూటీ పార్లరుంది. ఇంకొకళ్ళు నా తల ముట్టుకోవడానికి వీల్లేదంది. షట్టరు సగం దించి, అద్దం మీద టవల్ కప్పి, తనే గీసి, తనే స్కార్ఫ్ కట్టింది. నేను తడిమి కూడా చూసుకోలేదు.

ఆసుపత్రిలో టెక్నీషియన్ ఆ స్కార్ఫ్ విప్పి ఆగిపోయాడు. నుదుటి పైన ఈ కణత నుంచి ఆ కణత దాకా రెండు వేళ్ళ మేర ముంగురులు ఉన్నాయి. చక్కగా కత్తిరించి, పక్కకి దువ్వి ఉన్నాయి.

"ఇవెందుకు ఉంచారు?"

"స్కార్ఫ్ కట్టుకుంటే కింద జుట్టున్నట్టే ఉంటుందండి," అంది చెల్లి. "మా దగ్గరికి ఇలా వచ్చేవాళ్ళందరికీ అలాగే చేస్తాను."

"వెంట్రుకల మధ్య గాలి చిక్కుకుంటుందమ్మా. గాలి తగిలితే శబ్దం వెనక్కి పోతుంది. గడ్డ సరిగ్గా ఆ వెనకాలే ఉంది." అతను రేజరు తెచ్చాడు.

చెల్లి నా నుదుటికి చెయ్యి అడ్డం పెట్టింది. "ఈ కాస్తా వదిలేయండి."

"ఎందుకే?" అన్నాను.

చెల్లి అడ్డం పెట్టిన చెయ్యి తీయలేదు. "రేపు చూడ్డానికి అందరూ వస్తే, అక్క అక్కలాగే కనిపించాలి కదా," అంది.

అప్పుడర్థమైంది నాకు. అది నన్ను ముస్తాబు చేసింది ఈ గదికి కాదు, ఆఖరి చూపుకి. వెంటనే కోపం వచ్చింది. బతికున్న మనిషిని పట్టుకుని అంత పని చేసినందుకు దాన్ని చెడామడా తిట్టాలనిపించింది. దాని కళ్ళు చూశాక తిట్టలేకపోయాను.

"అప్పుడే నన్ను పడుకోబెట్టేశావటే? ఆయన చేతిలో రేజరు తీసుకో. ఉంచినదానివి నువ్వే, తీయాల్సిందీ నువ్వే."

తీసుకుంది.

"వణక్కు. చెవి తెగితే ప్యాసింజర్ల తిట్లు వినపడవు నాకు."

ఏడుస్తూనే ఫక్కున నవ్వింది. ఒక్క వెంట్రుక మిగలకుండా గీసింది.

తలకి చట్రం పెట్టి మరలు బిగించారు. చుట్టూ చల్లటి నీళ్ళు నింపారు. భరించలేకపోతే నొక్కమని చేతిలో ఒక రబ్బరు బుడ్డి పెట్టారు, నొక్కగానే ఆపేస్తారట. స్కానింగ్ యంత్రం గొట్టంలోకి నన్ను తోశాక డబడబమని మోత మొదలైంది. భయం వేసింది, అబద్ధమెందుకు. బుడ్డి మీద నుంచి బొటనవేలు తీసేశాను.

"జరగండి," అన్నాను. "లోపలికి జరగండి. లోపలంతా ఖాళీయే."

మైకులో డాక్టరమ్మ గొంతు వినిపించింది. "ఏమన్నా అన్నారా?"

"మీతో కాదండి."

తర్వాత తెర మీద చూపించారు. నల్లటి బొమ్మలో నా నుదుటి వెనక చిన్న తెల్లటి మచ్చ ఉంది. గోడ తెరుచుకున్నది అక్కడేనట. "గడ్డ తగ్గుతుందో లేదో ఇప్పుడే చెప్పలేను," అంది డాక్టరమ్మ.

"అది నేనడగలేదు. మందు ఎక్కిందా?"

"ఎక్కింది."

వరండాలో చెల్లి స్కార్ఫ్ పట్టుకుని నిలబడి ఉంది. తీసుకుని దాని సంచిలోనే కుక్కాను. ఎదురుగా వస్తున్నవాళ్ళు నా బోడిగుండు వైపు, మరలు దిగిన గాట్ల వైపు చూశారు. చూసుకోనిమ్మన్నాను.

"మూడు వారాలకి నాకో కుర్చీ ఖాళీగా ఉంచు."

"నీకు కుర్చీ ఏంటక్కా, ఇంటికొచ్చి గీస్తాను."

"షాపులోనే గీయాలి. షట్టరు మొత్తం పైకెత్తి, అద్దం మీద టవల్ తీసేసి. ఆ తర్వాత మూడు వారాలకీ అంతే."

చెల్లి వేళ్ళ మీద లెక్కేసుకుంది. "ఆ రోజు ఇద్దరు పెళ్ళికూతుళ్ళు ఉన్నారక్కా."

"ఆగమను వాళ్ళని," అన్నాను.